ఏడు కిటికీలు

అక్టోబరు 16, మంగళవారం

టామరాక్ వీధిలో సిగ్నె ఓవర్‌బీ గారి ఇల్లు పూర్తయింది. ఎనభై ఏడేళ్ల ఆవిడ, ఇల్లు అమ్మేసి అరిజోనాలో చెల్లెలితో ఉండబోతోంది. మినసోటా చలి ఇక చాలట. ఇల్లు అమ్మాలంటే ఊరి లైసెన్సున్న ఇన్‌స్పెక్టరు రిపోర్టు ఉండాలి కాబట్టి, మునిసిపాలిటీ జాబితాలోని పదకొండు పేర్లూ చదివి నన్ను పిలిచింది. "నువ్వయితే నా ఇంటిని తిట్టినా మర్యాదగా తిడతావని చెప్పారమ్మాయ్" అంది. యాభై ఎనిమిదేళ్ల వయసులో అమ్మాయ్ అనిపించుకోవడం బాగానే ఉంది.

నేను వెళ్లేసరికి ఇల్లంతా పొగ. నాకోసమని ఖర్జూరం మిఠాయి బార్లు ఓవెన్లో పెట్టి మర్చిపోయిందట. వంటింటి కిటికీలు రెండూ బార్లా తెరిచి, తువ్వాలుతో పొగను బయటికి తరుముతోంది. చూస్తే నవ్వొచ్చింది.

పైకప్పు బాగుంది. వెనక మెట్ల కటకటాలు ఊగుతున్నాయి, రాశాను. నేలమాళిగలో ఇంటిని వెచ్చబెట్టే కొలిమి మూడేళ్ల క్రితం మార్చారు. కొత్తది గోడలోంచి ప్లాస్టిక్ గొట్టంతో ఊపిరి వదులుతుంది. దాంతో ఆ పెద్ద ఇటుక చిమ్నీ మొత్తం ఒక్క వాటర్ హీటరుకే మిగిలింది. అంత పెద్ద చిమ్నీలో అంత చిన్న హీటరు పొగ పైదాకా వెళ్లలేక వెనక్కి తిరగవచ్చు. ఇలాంటి చోట్లే జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లో ఉన్న ఫ్యాన్లు, బట్టలారేసే మిషను వేసి, హీటరు వెలిగించి, దాని పొగగొట్టం మూతి దగ్గర అద్దం పట్టాను. పొగ వెనక్కి తిరిగితే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. ఆవిరి చుక్క లేదు. పొగ బుద్ధిగా పైకి పోతోంది.

కాఫీ తాగి వెళ్లమంది. వద్దన్నాను. మళ్లీ అడిగింది, మళ్లీ వద్దన్నాను. మూడోసారి అడిగితే కూర్చోకపోవడం మర్యాద కాదు. మాడిన అంచులు కత్తితో గీకి పెట్టింది. తింటూ అక్కడే బల్ల మీద ఫారం నింపేశాను. బార్లు బాగున్నాయి కూడా.

ఇంటికొస్తే మా ఆయన హార్లన్ నా కోటు వాసన చూసి, "ఎవరి కొంప తగలబెట్టి వచ్చావు?" అన్నాడు.

ఫిబ్రవరి 8, శుక్రవారం

మునిసిపాలిటీ నుంచి ఉత్తరం. నా మీద ఫిర్యాదు. ఇరవై ఏళ్ల లైసెన్సులో ఇదే మొదటిది.

పెట్టింది ఓవర్‌బీ గారి ఇల్లు కొన్న మై డెర్ షియాంగ్. జనవరి ఆఖర్లో మైనస్ ముప్పై నాలుగుకు పడిపోయిన రోజున హీటరు పొగ చిమ్నీలోకి పోకుండా ఇంట్లోకి తిరిగిందట. ఆవిడ తల్లి నేలమాళిగలో కుట్టుమిషను దగ్గర స్పృహ తప్పింది. విషపు గాలిని పసిగట్టే అలారం మోగబట్టి సరిపోయింది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చింది, ఇప్పుడు బాగానే ఉందట. పాపం. నిజంగానే పాపం.

కానీ దానికి నేనేం చేయను? అద్దం పట్టాను, అద్దం పొడిగా ఉంది. విచారణ మార్చి 5న. ప్రమాదాన్ని చూసుకోకుండా వదిలేశానని తేలితే ఏడాది లైసెన్సు పోతుంది, మళ్లీ పరీక్ష రాయాలి.

తేలదు.

ఫిబ్రవరి 9

కిటికీలు మూశాను. ఫారంలో టిక్కు ఉంది.

ఫిబ్రవరి 12, మంగళవారం

మునిసిపల్ ఆఫీసుకి వెళ్లాను. లైసెన్సుల అధికారి రూబెన్ ఆహో ఒకప్పుడు రెండేళ్లు నా వెంట తిరిగి పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు వాడి బల్లకి ఇవతల నేను.

"కూర్చోండి ఆర్లిస్ గారూ. కాఫీ?"

"వద్దు."

"పోనీ ఓ చుక్క?"

"వద్దన్నానుగా."

"మూడోసారి అడగమంటారా, మానెయ్యమంటారా?"

"అడిగి తగలడు."

కాఫీ పోసి నా ఫారం ముందు పెట్టాడు. టిక్కు మీద వేలు పెట్టాడు. పరీక్షకు ముందు కిటికీలు, తలుపులు అన్నీ మూశారా అనే గడి.

"ఈ గడి పెట్టించింది మీరే కదండీ?"

నేనే. తొంభై ఎనిమిదిలో మిల్లు వీధిలో లైబ్రరీ నడిపే ఆవిడ ఇలాంటి పొగకే నిద్రలో పోయింది. ఆ ఇల్లు చూసినవాడు నేలమాళిగలోకి దిగకుండానే అంతా భేషని రాసిచ్చాడు. అప్పట్లో ఎవడు పడితే వాడు బోర్డు తగిలించుకుని ఇన్‌స్పెక్టర్నని తిరగొచ్చు, అడిగే నాథుడు లేడు. ఊరి కౌన్సిల్లో లేచి నిలబడి, లైసెన్సు పెట్టండి, పరీక్ష పెట్టండి, తప్పు చేసినవాణ్ణి ఏడాది కూర్చోబెట్టండి అని గొంతు చించుకున్నది నేను. ఎంతటివాడికైనా మినహాయింపు వద్దన్నది కూడా నేనే. తోటివాళ్లు సగం మంది నాతో మాట్లాడటం మానేశారు.

"ఫారం అడిగినట్టు కాదు, నేను అడుగుతున్నాను. కిటికీలు మూశారా?" అన్నాడు రూబెన్.

"అద్దం ఎలా పట్టుకోవాలో నీకు నేర్పిందెవరు?"

"మీరే."

"మరింకేం?"

"అందుకే అడుగుతున్నానండీ."

మూశానని చెప్పాను. రాసుకున్నాడు. వాడి చేతిరాత ఇప్పటికీ కోడి గీకినట్టే ఉంది.

ఫిబ్రవరి 15, శుక్రవారం

లెరాయ్ స్కార్ వచ్చాడు. నాతోపాటే లైసెన్సు తీసుకున్నవాడు, ఫిర్యాదులు వినే అయిదుగురు సభ్యుల బోర్డులో ఒకడు. కేసు గురించి నాతో మాట్లాడకూడదు. మాట్లాడాడు.

"ఏవమ్మోయ్ ఆర్లిస్, పీడ వదిలింది నీకు! వాళ్లు నవంబర్లో వంటింట్లో కొత్త ఫ్యాను పెట్టించుకున్నారు. ఫ్యానంటే ఫ్యానా అది? బస్సు ఇంజను! ఇంట్లో గాలంతా పీకేస్తుంది. ఇంక చిమ్నీలోంచి గాలి కిందకి దిగక చస్తుందా?"

"నీకెలా తెలుసు?"

"బిగించినవాడు మా తోడల్లుడే. వాళ్లు కిటికీలన్నిటికీ చలికి ప్లాస్టిక్ కూడా అంటించేశారట. ఇంకేం కావాలి? ఫిర్యాదు కొట్టేస్తూ తీర్మానం నేనే రాసి ఉంచుతా. నువ్వొచ్చి ఊరికే కూర్చో."

ఎంత తేలికైందో ప్రాణం. అక్టోబరులో లేని ఫ్యానుకి నేనెలా బాధ్యురాల్ని అవుతాను? రాత్రి భోజనంలో ఓవెన్లో వండిన హాట్‌డిష్ రెండుసార్లు వడ్డించుకున్నాను. హార్లన్ మాత్రం, "అంత నమ్మకముంటే నీ డైరీలో ఓసారి చూసుకోరాదూ?" అన్నాడు. అవసరం లేదన్నాను. నాకు గుర్తుంది.

ఫిబ్రవరి 18

నిన్నటి మంచు పార తీసుకుని నేనే ఎత్తాను. పనిలో ఉంటే మనసు బాగుంటుంది. ఈ వారం రెండు ఇళ్లు చూడాలి. రెండిటికీ నన్నే కావాలన్నారు. ఊరికి ఇంకా నా మీద నమ్మకం ఉంది.

ఫిబ్రవరి 23, శనివారం

ఇనప సామాన్ల కొట్లో మై డెర్ షియాంగ్ ఎదురైంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. బుట్టలో ఇంకో రెండు అలారాలు. నా కోటు మీది పేరు చూసి ఆగింది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది, అరుపులకి నా దగ్గర సమాధానాలున్నాయి.

"మేడమ్, మీతో పోట్లాడ్డానికి రాలేదు. ఒక్కటే అడుగుతాను, చెబుతారా?"

"అడగమ్మా."

"మా అమ్మ మిరపకాయలు వేయిస్తే ఇల్లంతా ఘాటు. పిల్లలు దగ్గుతారని ఆవిడ శీతాకాలంలో కూడా వాకిట్లో పొయ్యి పెట్టుకుని వండేది. చూడలేక ఆ ఫ్యాను కొన్నాను. నేనే కొన్నాను, మా ఆయన వద్దన్నా సరే. ఇప్పుడందరూ ఫ్యాను వల్లే అంటున్నారు. నిజమేనా? మా అమ్మని చంపబోయింది నేనా?"

కొట్టువాడు చీపుళ్లు సర్దుతూ ఆగిపోయాడు.

"పెద్ద ఫ్యాను అలా చేస్తుందమ్మా" అన్నాను. "మీకు తెలియక చేశారు. ఎవరూ తప్పు పట్టరు."

నిబ్బరంగా చెప్పాను, రోజూ చెప్పే గొంతుతోనే. ఆవిడ తలూపింది. "అప్పట్నించీ అమ్మ పొయ్యి వెలిగించట్లేదు మేడమ్. నన్ను వెలిగించనివ్వట్లేదు కూడా" అని, అలారాలు రెండూ ఉన్నాయో లేదో బుట్టలో చూసుకుని వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 24

అబద్ధమేమీ చెప్పలేదు. పెద్ద ఫ్యాను గాలి లాగుతుంది. ఎవర్నడిగినా అదే చెబుతారు.

ఫిబ్రవరి 27, బుధవారం

చర్చి వాళ్లు పాత బట్టలు అడిగారని హార్లన్ అలమర ఖాళీ చేస్తున్నాడు.

"నీ గోధుమరంగు కోటు ఇచ్చెయ్యనా? ఎన్నిసార్లు ఉతికించినా మాడు వాసన పోలేదు. ఆవిడెవరో పొగ పెట్టి పంపిందే, ఆ రోజుది."

"ఏ రోజు?"

"అదేనోయ్, కిటికీలు తెరిచి తువ్వాలు ఊపుతోందని చెప్పి నవ్వావు చూడు."

కోటు అక్కడ పెట్టమన్నాను. నా వస్తువుల జోలికి రావద్దన్నాను. ఎందుకంత కసురుకున్నానో తెలియదు. వెళ్లి తన కాఫీ తను పెట్టుకున్నాడు, నాకు పెట్టలేదు.

ఆవిడ తర్వాత మూసే ఉంటుంది. అక్టోబరు కదా, చలి.

మార్చి 1

నిరుటి డైరీ బల్ల సొరుగులో ఉంది. చూడాల్సిన పనేం లేదు. నాకు గుర్తుంది. కిటికీలు మూశాను. ఎప్పుడూ మూస్తాను.

మార్చి 2

చూశాను.

మార్చి 3, ఆదివారం

కిటికీలు తెరిచి ఉన్నాయని రాశాను. మూశానని ఎక్కడా రాయలేదు. కటకటాలు ఊగుతున్నాయని రాశాను, బార్లు బాగున్నాయని రాశాను, ఎన్నిసార్లు వద్దన్నానో లెక్కతో సహా రాశాను. ఇంటి చుట్టూ తిరిగి కిటికీలు మూసి ఉంటే రాయనా?

రాయకపోవచ్చు. రోజూ చేసే పని ఎవరు రాస్తారు? పొద్దున్నంతా ఈ మాటే పట్టుకుని వేలాడాను. తర్వాత ఆ పేజీ మళ్లీ చదివాను. వేలాడి లాభం లేదు. నాకు గుర్తున్నది కిటికీలు మూయడం కాదు, టిక్కు పెట్టడం. చేతిలో కాఫీ, బల్ల మీద ఫారం, గడి కనబడింది, చెయ్యి పోయింది. నేను పెట్టించిన గడి కాబట్టి కళ్లు మూసుకుని టిక్కు పెట్టేశాను. ఇరవై ఏళ్లుగా ఊళ్లో అందరికీ పాఠాలు చెప్పి పప్పులో కాలేశాను.

రెండు కిటికీలు తెరిచి ఉంటే ఫ్యాన్లకి కావాల్సిన గాలి అక్కణ్నుంచే వస్తుంది, చిమ్నీ జోలికి పోదు. అద్దం పొడిగా ఉండక ఏం చేస్తుంది?

అయినా రోగం అప్పటికే ఉందో, ఫ్యానుతోనే వచ్చిందో నాకు తెలియదు. ఫ్యానుతోనే వచ్చి ఉంటే నా టిక్కు వల్ల ఎవరికీ నష్టం లేదు. ఓవర్‌బీ గారు అరిజోనాలో ఉన్నారు, ఆవిడకి బార్లు మాడిన సంగతే గుర్తుండదు. లెరాయ్ తీర్మానం రాసి పెట్టుకున్నాడు. ఊరికే కూర్చుంటే చాలు.

ఇలా రాసి, రాసింది చూసుకుంటే సిగ్గేసింది. కొట్లో ఆ పిల్ల నన్ను అడిగింది కూడా ఇదే కదా, ఫ్యాను వల్లేనా అని. నిజం తెలుసుకోకుండానే జవాబు చెప్పేశాను.

రూబెన్‌కి ఫోన్ చేశాను. రేపు పొద్దున్న టామరాక్ వీధికి రమ్మన్నాను.

మార్చి 4, సోమవారం

మై డెర్ తలుపు తీసి నన్ను చూసి బిగుసుకుపోయింది. ఇంకోసారి పరీక్ష చేస్తానని, మీ ఫ్యాను వేయకుండా చేస్తానని చెప్పాను. నా వెనక రూబెన్ ఉన్నాడు కాబట్టి లోపలికి రానిచ్చింది. ఆవిడ తల్లి యూవా గారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నాకన్నా పొట్టి మనిషి, భుజాల మీద ఎర్ర శాలువా. వంటిల్లు చల్లగా ఉంది. పొయ్యి మీద గిన్నె లేదు.

ఒక్కో కిటికీ చేత్తో నొక్కి చూశాను. వంటింట్లో రెండు, ముందు గదిలో రెండు, పడగ్గదుల్లో రెండు, నేలమాళిగలో ఒకటి. ఏడు. అన్నీ గట్టిగా ఉన్నాయి. ముందూ వెనకా తలుపులు కూడా మూశాం. వంటింటి ఫ్యాను తీగె రూబెన్ ఊడదీశాడు. అక్టోబరులో ఉన్న స్నానాల గది ఫ్యాను, బట్టల మిషను మాత్రమే వేశాం. వాళ్లందర్నీ వాకిట్లో కారులో కూర్చోమని, గ్యాసు కంపెనీ మనిషిని పిలిపించి, అతని ముందరే హీటరు వెలిగించాం.

అయిదు నిమిషాలు ఆగి అద్దం పట్టాను. ఆవిరి కమ్మేసింది. తుడిచి మళ్లీ పట్టాను. మళ్లీ కమ్మేసింది. మూడోసారి రూబెన్ పట్టాడు. హీటరు ఆపేసి, ఏడు కిటికీలూ తెరిచి బయటికొచ్చేశాం.

"అర్థమైంది కదా?" అన్నాను వాడితో.

"అర్థమైందండీ" అన్నాడు. "రేపు ఏం చెబుతారు?"

"మొదలు చెప్పాల్సింది నీకు కాదు."

కారు దగ్గరికి వెళ్లాను. మై డెర్ అద్దం దించింది.

"మీ ఫ్యాను కాదమ్మా. నువ్వు కొనక ముందే ఈ ఇంట్లో ఆ రోగం ఉంది. అది పట్టుకోవాల్సింది నేను. కిటికీలు తెరిచి పెట్టి పరీక్ష చేశాను, మూశానని రాశాను. కొట్లో నీతో అన్నమాట కూడా తప్పే. మీ అమ్మకి చెప్పు, మీ అమ్మాయి చేసిందేమీ లేదని చెప్పు."

ఆవిడ తల్లి వైపు తిరిగి వాళ్ల భాషలో చాలాసేపు చెప్పింది. ముసలావిడ నన్ను చూడలేదు. కూతురి ముఖం రెండు చేతులతో పట్టుకుంది. మై డెర్ ఏడ్చేసింది. నేను వెళ్లి నా కార్లో కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది, ఎవరి కోసమో సరిగ్గా తెలియదు.

మార్చి 5, మంగళవారం

విచారణకి నిరుటి డైరీ తీసుకెళ్లాను. లెరాయ్ నన్ను చూసి కన్ను గీటి, తన తీర్మానం చదవడానికి గొంతు సవరించుకున్నాడు. ముందు నేను ఓ పేజీ చదువుతానన్నాను.

అక్టోబరు పదహారు మొత్తం చదివాను, మాడిన బార్లతో సహా. తువ్వాలు దగ్గర ఒకరిద్దరు నవ్వారు. అద్దం దాకా వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు.

"ఆర్లిస్, బుద్ధుందా నీకు?" అన్నాడు లెరాయ్, మైకు ఆన్‌లో ఉందని మర్చిపోయి. "ఇక్కడ నిన్నెవరు అడిగారు?"

"ఆవిడ అడిగింది" అన్నాను. మై డెర్ రెండో వరసలో ఉంది. "కొట్లో అడిగింది, తప్పు చెప్పాను."

ఇన్నేళ్ల సేవ చూసి మూడు నెలలతో సరిపెడదామని ఒకాయన అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఎంతటివాడికైనా మినహాయింపు లేదని రాసి ఉంది, చదువుకోండన్నాను. చదువుకున్నారు. ఏడాది. అయిదుగురూ చేతులెత్తారు, లెరాయ్ అందరికన్నా ఆఖరున.

నా లైసెన్సు కార్డు రూబెన్ చేతిలో పెట్టాను. నంబరు 4. వాడు తీసుకుని చాలాసేపు దాన్నే చూశాడు. "ఏమిటా చూపు? సొరుగులో పెట్టు, వచ్చే ఏడు మళ్లీ పట్టుకుపోతా" అన్నాను. పట్టుకుపోతాను కూడా. ఆ పరీక్షలో నాకు తెలియని ప్రశ్న లేదు.

మార్చి 6

హార్లన్ కాఫీ పెట్టిచ్చాడు. ఒకసారి కూడా అడగలేదు, పెట్టిచ్చాడంతే. గోధుమరంగు కోటు ఇవ్వొద్దన్నాను. ఉంటుంది.

ఏప్రిల్ 14, ఆదివారం

ఫారం మార్చారు. కిటికీలు మూశారా అనే చోట ఇక టిక్కు చెల్లదు, మన చేత్తో ఎన్ని మూశామో అంకె వేయాలి. లెరాయ్ ఫోన్ చేసి, "నీ పుణ్యమా అని పది మందిమీ కొంపకొంపకీ కిటికీలు లెక్కపెట్టుకుంటూ తిరుగుతున్నాం" అని గొణిగాడు. అలా అంకె వేయమని బోర్డుకి ఉత్తరం రాసింది నేనేనని వాడికి తెలుసు.

మధ్యాహ్నం మై డెర్ భోజనానికి పిలిచింది. చిమ్నీలో హీటరు పొగకి సరిపడే సన్నటి ఉక్కు గొట్టం దింపించారు, రూబెన్ వచ్చి చూసి సరేనన్నాడు. కానీ వాళ్లమ్మ ఇంకా ఆ పొయ్యి వెలిగించలేదట. "మీరొచ్చి చూస్తే గానీ వెలిగించనంటోంది" అంది మై డెర్. లైసెన్సు లేనిదాన్నమ్మా అన్నాను. "ఆ మాటా చెప్పాను. వినట్లేదు."

ఎండ బాగుంది, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. యూవా గారు చిన్న రోట్లో మిరపకాయలు దంచుతోంది. నేను రాగానే రోకలి పక్కన పెట్టి, వేలెత్తి కిటికీ చూపించింది.

లేచి వెళ్లాను. వంటింట్లో రెండు, ముందు గదిలో రెండు, పడగ్గదుల్లో రెండు, కిందకి దిగి నేలమాళిగలో ఒకటి. తలుపులు వేశాను. మై డెర్ కొన్న ఫ్యాను పూర్తిగా పెట్టమని, కింద హీటరు దగ్గర అద్దం పట్టుకుని నిలబడ్డాను. అయిదు నిమిషాలూ గడియారం చూసి లెక్కపెట్టాను. పొడిగా ఉంది. పైకొచ్చి ఆవిడకి అద్దం ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది, శాలువా అంచుతో తుడిచి మరీ చూసింది. తమ భాషలో కూతుర్ని ఏదో అడిగింది.

"ఎన్ని మూశారని అడుగుతోంది" అంది మై డెర్.

"ఏడు" అన్నాను.

ఆవిడ పొయ్యి వెలిగించింది.